ముందుగది ఒప్పందం

కత్తెరమ్మకి ఇంగ్లీషు మీద కోపమేమీ లేదు. కోపమల్లా, ఆ ఇంగ్లీషు ఎదురుగా కూర్చుని గడగడా మాట్లాడుతుంటే తాను తలాడించి సంతకం పెట్టిన రోజు మీద.

అది పోయిన ఏడాది సంగతి. ఒక బట్టల కంపెనీ వాళ్ళు దిండు గలీబులు కుట్టిపెట్టమని పిలిచారు. టై కట్టుకున్న ఒకాయన కాగితాల కట్ట ముందు పెట్టి, ఏదో చదివి, చివర్న వేలితో ఒక గీత చూపించాడు. ఆవిడ గీత మీద సంతకం పెట్టింది. ఇంటికొచ్చి, తన దగ్గర పనిచేసే అక్కాచెల్లెళ్ళిద్దరితో కలిసి తిండీ నిద్రా మానేసి కుట్టింది. తీరా పంపాక రంగు నచ్చలేదని గలీబులన్నీ తిరిగొచ్చాయి. గుడ్డ వాళ్ళదే, రంగూ వాళ్ళదే! ఇదెక్కడి న్యాయమని అడిగితే, కారణం చెప్పకుండా తిప్పి పంపే హక్కు కంపెనీకి ఉందని కాగితంలోనే రాసుంది, చూసుకోమన్నాడు టై ఆయన. చూపిస్తే చూసింది, ఉంది. ఆ గలీబులు ఇప్పటికీ వాళ్ళింటి అటక మీదే ఉన్నాయి. ఇంటికి ఎవరొచ్చినా వెళ్ళేటప్పుడు చేతిలో ఓ రెండు గలీబులు పెట్టి పంపిస్తారు, వద్దన్నా ఊరుకోరు.

కత్తెరమ్మ అన్నది వీధివాళ్ళు పెట్టిన పేరు. ఆవిడ గుడ్డ కత్తెరతో ఎవరైనా కాగితం కత్తిరించారో, ఇక ఆ మనిషి పని అయిపోయినట్టే. కాగితం కత్తిరిస్తే పదును పోతుంది, పదును పోయిన కత్తెర గుడ్డని నములుతుంది. ఈ ముక్క ఆవిడ మొగుడికి పెళ్ళయిన కొత్తలో చెప్పింది, నిన్న కూడా చెప్పింది. బస్సు డిపోలో గుమాస్తాగా చేసి రిటైరైన ఆ పెద్దాయనకి పేపర్లో పదకేళి కత్తిరించి దాచుకోవడం ఒక్కటే సరదా. కత్తిరించడానికి చేతికందేది మాత్రం ఎప్పుడూ ఆ కత్తెరే.

ఇంటి ముందుగదే కుట్టుదుకాణం. గోడవార మిషన్లు, మధ్యలో గుడ్డ కత్తిరించే పొడవాటి బల్ల, బల్ల మీద మంచి వెలుతురిచ్చే దీపం. గలీబుల దెబ్బ తర్వాత పని తగ్గింది. వీధి చివర రెడీమేడ్ కొట్టు తెరిచాక ఉన్న కాస్తా పోయింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ పొద్దున్నే వచ్చి మిషన్లు తుడిచి, నూనె వేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటున్నారు. ఈ నెలాఖరుకి ఏ దారీ దొరక్కపోతే దుకాణం మూసేస్తానని కత్తెరమ్మ వాళ్ళకి చెప్పేసింది. చెప్పిన రోజున అన్నం సయించలేదు. మిషన్ చప్పుడు లేని ఇంట్లో తాను ఎలా బతకాలో ఆవిడకి నిజంగానే తెలియదు.

అలాంటప్పుడు పెద్దాసుపత్రి నుంచి కబురొచ్చింది. రోగులు వేసుకునే గౌన్లు ఏడాది పొడుగునా కుట్టేవాళ్ళు కావాలి, ఒక నమూనా కుట్టి తెచ్చి మాట్లాడండి అని. కొడుకు తాను వచ్చి మాట్లాడతానన్నాడు. కత్తెరమ్మ ఒప్పుకోలేదు. పోయినసారి మోసపోయింది తన నోరు మూతపడ్డందుకే కాబట్టి, ఈసారి తెరుచుకోవాల్సిందీ తన నోరేనంది. అని, ఆ సాయంత్రమే వెళ్ళి కోడలి ముందు కూర్చుంది.

కోడలు ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఇంగ్లీషు చెబుతుంది. మనిషి మెత్తన, పాఠం మాత్రం గట్టి. అత్తగారైనా సరే హోంవర్క్ చేయకపోతే ఊరుకోదు. మొదటిరోజే ఒక సంగతి తేల్చి చెప్పింది. మాటలు ఒంటరిగా తిరగవు, ప్రతి మాటకీ తోడు మాట ఉంటుంది, ఆ తోడుతోనే నేర్చుకోవాలి. మనం మాత్రం? ఒట్టు పెట్టుకుంటాం, మాట ఇస్తాం, పందెం కాస్తాం. పందెం ఇస్తాం, మాట కాస్తాం అంటే వినేవాడు నవ్వుతాడు. కాంట్రాక్టు అనే మాటకీ అలాగే బోలెడు తోడు మాటలున్నాయి. రాసి తయారుచేస్తే డ్రా అప్ చేసినట్టు, అందులో దిగితే ఎంటర్ ఇంటూ, షరతుల దగ్గర బేరమాడితే నెగోషియేట్ ద టర్మ్స్, పొడిగిస్తే రెన్యూ, తెంచుకుంటే టెర్మినేట్, అన్న ప్రకారం నడుచుకుంటే ఆనర్, తప్పితే బ్రీచ్.

అన్నిట్లోకీ ఆనర్ అన్నది ఆవిడకి బాగా నచ్చింది. మాట నిలబెట్టుకుంటే కాగితాన్ని గౌరవించినట్టన్నమాట, బాగుంది అంది. బ్రీచ్ దగ్గర మాత్రం మూతి ముడిచింది. మాట తప్పడానికి మళ్ళీ ఇంత నాజూకు పేరా అంది.

రెండో నియమం ఇంకా కష్టమైంది. ఏ రోజు నేర్చుకున్న జంట మాటని ఆ మర్నాటి లోపల ఇంట్లోనే, ఉత్తుత్తికి కాకుండా నిజమైన పనికి వాడాలి. వాడకపోతే మాట సొంతం కాదంది కోడలు. ఇంట్లో కాంట్రాక్టులెక్కడివి? పెద్దాయన పేపర్ చాటు నుంచి తల బయటపెట్టి, లేకపోతే ఒకటి పెట్టుకోండి, ముందుగది గొడవ ఉండనే ఉందిగా అన్నాడు.

ఉంది. ఎవరూ పైకి అనలేదు గానీ ఉంది. సాయంత్రం ఇల్లు చేరాక కోడలు పాఠాలు తయారుచేసుకోవడానికి మంచి దీపం, పెద్ద బల్ల ఉన్నది ఆ గదిలోనే. అక్కడ మిషన్ టకటకా కొడుతుంటే ఆ పిల్ల బుర్ర వేడెక్కేది. ఆ పిల్ల టీ కప్పు బల్ల మీద పెట్టినప్పుడల్లా గుడ్డ మీద మరక పడుతుందేమోనని కత్తెరమ్మ ప్రాణం గిలగిల్లాడేది. అత్తాకోడళ్ళు మర్యాదస్థులు కావడంతో ఈ గొడవ ఏళ్ళ తరబడి ఇద్దరి కడుపులోనే ఉండిపోయింది.

అలా ముందుగది ఒప్పందం పుట్టింది. కోడలు డ్రా అప్ చేసింది. వీధిదీపాలు వెలిగాక మిషన్ తొక్కకూడదు. బల్ల మీద టీ కప్పు పెట్టకూడదు. కత్తెరతో కాగితం కత్తిరించకూడదు. తప్పినవాళ్ళు ఆ రాత్రి గిన్నెలు తోమాలి. పెద్దాయన తనూ ఒక పార్టీనేనని పట్టుబట్టి, ఆ కత్తెర ముక్క ఇక జన్మలో తనకి చెప్పకూడదని ఒక షరతు చేర్చమన్నాడు. కత్తెరమ్మ ససేమిరా అంది. నెగోషియేషన్ అక్కడితో బెడిసికొట్టింది. చివరికి ముగ్గురూ సంతకాలు పెట్టారు, అక్కాచెల్లెళ్ళిద్దరూ సాక్షి సంతకాలు చేశారు, కాగితం మిషన్ పైన గోడకి అతికించారు.

మొదట దొరికిపోయింది ఎవరో మీరు ఊహించగలరు. అడ్డంగా దొరికి కూడా పెద్దాయన, కాగితంలో కత్తెర అని ఒక్కటే ఉంది, ఇంట్లో కత్తెరలు రెండు, నేను వాడింది రెండోది అని వాదించాడు. దీన్ని లూప్‌హోల్ అంటారని కోడలు మెచ్చుకుని, కత్తెర ముందు గుడ్డ అని చేర్చి ఒప్పందాన్ని అమెండ్ చేసి, గిన్నెలు మాత్రం ఆయన చేతే తోమించింది. చూశారా, నవ్వుకుంటూనే ఇల్లు మొత్తం కాంట్రాక్టు భాషలో ఆరితేరింది.

ఇక కత్తెరమ్మ తప్పిన సంగతి. ఒక సాయంత్రం ఆవిడ గౌను నమూనా ముందేసుకుని కూర్చుంది. ఆసుపత్రి వాళ్ళిచ్చిన పాత గౌనుకి వెనక రెండు ముళ్ళు, మధ్యలో నడుము కనపడేంత ఖాళీ. పాపం, రోగం వచ్చిందే చాలక నలుగురిలో ఈ సిగ్గు కూడానా అనిపించింది ఆవిడకి. ఒక అంచు ఇంకో అంచు మీదకి వచ్చేట్టు మడిచి, ముడి పక్కకి తెచ్చి, నాడా కుట్టి విప్పి మళ్ళీ కుట్టి, లోకం మరిచిపోయింది. కోడలు ఎప్పుడొచ్చిందో, ఫోను ఎప్పుడు మోగిందో, వెనకగదిలోకి వెళ్ళి తలుపు ఎప్పుడు వేసుకుందో చూడలేదు. తలెత్తేసరికి కిటికీ బయట వీధిదీపాలు ఎప్పుడో వెలిగి ఉన్నాయి. కోడలు గుమ్మంలో నిలబడి ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ఫోన్లో ఏదో ముఖ్యమైన మాట జరుగుతుంటే తాను మిషన్ తొక్కి చెడగొట్టిందనుకుంది కత్తెరమ్మ. లేచి వెళ్ళి, ఉన్న గిన్నెలూ లేని గిన్నెలూ అన్నీ తోమి బోర్లించి వచ్చి, ఐ బ్రీచ్డ్ ద కాంట్రాక్ట్ అంది. వాక్యం ఒక్క తప్పు లేకుండా వచ్చింది. కోడలు నవ్వింది గానీ ఆ నవ్వు ఎప్పటిలా లేదు. అది కత్తెరమ్మకి ముల్లులా గుచ్చుకుంది.

ఆసుపత్రికి వెళ్ళే రోజు రానే వచ్చింది. స్టోర్స్ మేనేజర్ గది పై అంతస్తులో ఉంది. వరండా పొడుగునా ఫినాయిల్ వాసన, గోడవార ప్లాస్టిక్ కుర్చీలు, అద్దం తలుపు. సరుకు ఇచ్చేవాళ్ళు తప్ప లోపలికి ఎవరూ రాకూడదని, తోడొచ్చిన కోడల్ని బయటే కూర్చోబెట్టారు. మేనేజర్ నడివయసు ఆవిడ. కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని దాని కోసం బల్లంతా వెతుకుతోంది. కత్తెరమ్మ తన తల మీద చెయ్యి పెట్టి చూపించింది. ఆవిడ నవ్వి, కళ్ళజోడు దించుకుని, గౌను తిప్పి చూసి, పక్క ముడి లాగి చూసి, ఇది ఎవరి ఆలోచన అని అడిగింది. నాదేనంది కత్తెరమ్మ.

తర్వాత కాగితాలు వచ్చాయి. ఈసారి ఆవిడ గీత కోసం వెతకలేదు. ఒక్కో షరతూ చదివి చెప్పమని అడిగి, అర్థం కానిచోట ఆపి, సరుకు తిప్పి పంపే షరతు రాగానే నిటారుగా కూర్చుంది. ఐ వాంట్ టు నెగోషియేట్ దిస్ టర్మ్ అంది. తిప్పి పంపితే పంపండి, కారణం మాత్రం రాసి పంపాలి, అదీ నా కుట్టులో తప్పుంటేనే. మేనేజర్ న్యాయమేనంటూ ఆ వాక్యం చేర్చింది. కత్తెరమ్మకి అటక మీది గలీబులన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి, కడుపు నిండినట్టయింది.

అంతా అయిపోయినట్టే. చివర్న ఒక ప్రశ్న మిగిలింది, అందరినీ అడగాల్సిందేనట. మీరు ఎప్పుడైనా బ్రీచ్ ఆఫ్ కాంట్రాక్ట్ చేశారా?

కత్తెరమ్మ మొహం వెలిగిపోయింది. అన్ని ప్రశ్నల్లోకీ దీనికే ఆవిడ దగ్గర పూర్తి వాక్యం సిద్ధంగా ఉంది మరి.

"యెస్ మేడమ్. ఐ బ్రీచ్డ్ ద కాంట్రాక్ట్. లాస్ట్ వీక్."

మేనేజర్ పెన్ను ఆగిపోయింది. ఎవరితో అని అడిగింది. మా కోడలితో అంది కత్తెరమ్మ, అంతే ఉత్సాహంగా. అప్పుడు గానీ ఎదుటి మొహంలో మార్పు ఆవిడ కంటపడలేదు. తన మొహమంతా చెమటలు పట్టాయి. ఇంగ్లీషు వదిలేసి తెలుగులో పడి, ముందుగది, వీధిదీపాలు, టీ కప్పు, కత్తెర, అన్నీ ఏకరువు పెట్టింది. మేనేజర్‌కి నవ్వాలో ఏం చేయాలో తెలియలేదు. తెలియకపోవడానికి కారణముంది. అవునని రాస్తే ఆ కాగితం పైఆఫీసుకి వెళ్తుంది, వెళ్ళింది ఎప్పుడు తిరిగొస్తుందో ఎవరికీ తెలియదు. కాదని రాద్దామంటే, ఈ మనిషి తన నోటితోనే అవునంది. సంతకాలున్నాయా, సాక్షులున్నారా అని అడిగింది. అన్నీ ఉన్నాయంది కత్తెరమ్మ, నీరసంగా. నెలాఖరు ఎంతో దూరంలో లేదు. పైఆఫీసు నుంచి కాగితం వచ్చేలోపు దుకాణం మూతపడిపోతుంది. ఎవరూ మోసం చేయకుండానే, తన నోటితో తానే పని చెడగొట్టుకున్నందుకు ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది.

మేనేజర్ అద్దం తలుపు తీసి కోడల్ని లోపలికి పిలిచింది. పిలిచి, కూర్చోమని కూడా అనకుండా, మీ అత్తగారు మీతో చేసుకున్న ఒప్పందం తప్పారా అని అడిగింది.

కోడలికి లోపల ఏం జరిగిందో తెలియదు. కనిపించింది ఒక్కటే, చెమటలు కక్కుతున్న అత్తగారి మొహం. ఎవరో ఏదో నేరం మోపారనుకుంది.

"లేదు మేడమ్. ఎప్పుడూ తప్పలేదు."

"అయితే మీ ఇద్దర్లో ఒకరు అబద్ధం చెబుతున్నారు" అంది మేనేజర్.

కత్తెరమ్మ కోడలి వైపు తిరిగింది. పని పోతే పోయింది, ఈ పిల్ల తన కోసం అబద్ధాలకోరు కావడం ఆవిడకి ఇష్టం లేదు.

"ఎందుకమ్మా అబద్ధం చెప్పడం. ఆ రాత్రి గిన్నెలు ఎవరు తోమారు?"

కోడలు కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. తర్వాత మేనేజర్‌తో కాదు, అత్తగారితో అంది.

"మీరు మిషన్ తొక్కారు, నిజమే. నేను వెనకగదిలో తలుపేసుకుని ఏడుస్తున్నానత్తయ్యా. మిషన్ ఆగితే నా ఏడుపు మీకు వినపడుతుంది. ఆగకూడదు, ఆగకూడదు అని దణ్ణం పెట్టుకుంటూ కూర్చున్నాను. నేను కోరుకున్నదే మీరు చేస్తే, అది తప్పడం ఎలా అవుతుంది?"

ఎందుకు ఏడ్చిందో అప్పుడు చెప్పింది. ఫోను ఇన్‌స్టిట్యూట్ నుంచి. ఈ టర్మ్‌తో సరి, ఇక మీ కాంట్రాక్ట్ రెన్యూ చేయడం లేదన్నారు. ఆ జంట మాట ఎంతమందికి నేర్పిందో ఆ పిల్ల. తీరా అది తన మీదకే వచ్చేసరికి, ఎందుకని కూడా అడగలేదు. సరే సార్ అని ఫోను పెట్టేసింది. అత్తగారి పని తేలేదాకా ఇంట్లో ఎవరికీ చెప్పకూడదనుకుంది.

ఎర్రబడ్డ ఆ కళ్ళు చూసి కోపమనుకుంది కత్తెరమ్మ. ఎంత మొద్దు మనిషిని అని తనని తాను తిట్టుకుంది. లేచి, కోడలి తల తన భుజానికి ఆనించుకుని, ఆఫీసన్నది కూడా మరిచిపోయి వీపు నిమురుతూ నిలబడింది. మేనేజర్ మంచినీళ్ళ గ్లాసు ఇటు జరిపింది. తర్వాత కళ్ళజోడు సర్దుకుని, అవతలి పార్టీకి ఫిర్యాదు లేనప్పుడు ఇది తప్పినట్టు కాదని తనలో తాను అనుకున్నట్టుగా పైకే అని, లేదు అని రాసింది.

ఇక ఉత్తరాల సంగతి అంది. సరుకు చేరిందనీ, తగ్గిందనీ, ఆలస్యమనీ నెలనెలా రాతపూర్వకంగా ఇంగ్లీషులో నడుస్తుంది, దానికి బాధ్యులు ఎవరు? కాగితం మీద ఖాళీ చూపించింది. అక్కడ కొడుకు పేరు రాయించాలని కత్తెరమ్మ ఇంటి దగ్గరే అనుకుని వచ్చింది. ఇప్పుడు కోడలి చెయ్యి పట్టుకుంది.

"నాతో భాగస్తురాలిగా ఉంటావా? నచ్చకపోతే వద్దను, నేనేమీ అనుకోను. నచ్చితే బేరమాడు. సరే అత్తయ్యా అని మాత్రం అనకు."

కోడలు ముక్కు తుడుచుకుంది. నోటిదాకా వచ్చిన సరేని మింగడం కత్తెరమ్మకి స్పష్టంగా కనిపించింది. తర్వాత ఆ పిల్ల గొంతు సవరించుకుని, మేనేజర్ ఎదుటే, తన క్లాసులో నిలబడ్డట్టు నిలబడింది.

"ఐ వుడ్ లైక్ టు నెగోషియేట్ ద టర్మ్స్."

బేరం ఆసుపత్రి ఆఫీసులోనే సాగింది. పొద్దున పూట ముందుగదిలో బల్ల కోడలిది, కావాలంటే నలుగురు పిల్లలకి పాఠం చెప్పుకుంటుంది. వీధిదీపాల నియమం ఉంటుంది, కానీ అడిగితే సడలించవచ్చు. తన పేరు అత్తగారి పేరు కింద కాదు, పక్కన ఉండాలి. కత్తెరమ్మ అన్నిటికీ ఒప్పుకుంది, టీ కప్పు దగ్గర మాత్రం ఒక్క మెట్టు కూడా దిగలేదు. మేనేజర్ ఒక మాటు గడియారం చూసుకుంది గానీ ఆపలేదు. గీత ఒక్కటే ఉన్న చోట ఆవిడే పక్కన ఇంకో గీత గీసింది. ఇద్దరూ సంతకాలు పెట్టారు.

మెట్లు దిగుతూ దిగుతూ కత్తెరమ్మ ఠక్కున ఆగింది. అది బ్రీచ్ కాకపోతే, మరి ఆ రాత్రి గిన్నెలన్నీ నేనెందుకు తోమినట్టు అని నిలదీసింది. కోడలు ఇవాళ్టి గిన్నెలు తనవంది. అలా నవ్వుకుంటూ ఇల్లు చేరేసరికి, అక్కాచెల్లెళ్ళిద్దరూ గుమ్మంలో నిలబడి ఉన్నారు. మొహాలు చూడగానే వాళ్ళకి సంగతి అర్థమైంది. చెల్లెలు పరుగున వెళ్ళి మిషన్ మీది గుడ్డ లాగేసింది. లోపల బల్ల మీద రంగు కాగితాలు పరిచి, గోడకి అంటించడానికి పెద్ద పెద్ద అక్షరాలు కత్తిరిస్తూ పెద్దాయన కనిపించాడు. అక్షరాలు ముచ్చటగా ఉన్నాయి. చేతిలో ఉన్నది మాత్రం గుడ్డ కత్తెర.

ఆ రాత్రి గిన్నెలు ఎవరు తోమారో చెప్పనక్కర్లేదు. తోముతున్నంతసేపూ ఆయన పెళ్ళయిన కొత్తలో విన్న ముక్క మళ్ళీ వింటూనే ఉన్నాడు.

కోడల్ని అడిగి, వీధిదీపాలు వెలిగాక కూడా కత్తెరమ్మ మిషన్ ముందు కూర్చుంది. కూర్చునే ముందు గోడ మీది కాగితం తీసి, గుడ్డ మీద గీతలు గీసే సుద్ద ముక్క పక్కన పెట్టి, పెన్ను తీసుకుని, సంతకాలకి పైన మిగిలిన కాస్త జాగాలో తన చేత్తో ఒక షరతు చేర్చింది. దానికి ఇంగ్లీషు మాటలేమిటని ఆవిడ అడగలేదు, తెలుగులోనే రాసింది. ఈ ఇంట్లో ఎవరికి ఏడుపొచ్చినా తలుపు వేసుకోకూడదు.

కోడలు అది చదివి, పక్కన సంతకం పెట్టింది.